తాళం ఇంట్లోవాళ్ళకే

తాగుబోతు కారు కింద తమ్ముణ్ణి పోగొట్టుకున్న మనిషి బారులో కౌంటరు పనికి చేరడమేమిటని చుట్టాలంతా బుగ్గలు నొక్కుకున్నారు. నొక్కుకోనీ! ఆమె ఎవరికీ జవాబు చెప్పలేదు. చెబితే, "వాడు ఎప్పటికైనా ఇక్కడికి రాకపోడు, వాడి కోసమే కూర్చున్నాను" అని చెప్పాలి.

వాడంటే కాంట్రాక్టరు. ప్రెస్సులో పని ముగించుకుని రోడ్డు పక్కన నడిచి వస్తున్న తమ్ముణ్ణి గుద్ది, ఆగకుండా పోయిన కారు అతనిదే. నడిపింది మాత్రం తానేనని అతని డ్రైవరు ఒప్పుకుని జైలుకు వెళ్ళాడు. అందులో నిజమెంతో ఊరందరికీ తెలుసు. కానీ కోర్టుకు సాక్ష్యం కావాలిగా! కాంట్రాక్టరు హాయిగా చేతులు దులుపుకున్నాడు.

కౌంటరులో కూర్చోగానే ఆమె ఒక పద్ధతి పెట్టింది. బండి మీద వచ్చినవాడు ముందు తాళం ఇస్తేనే గ్లాసు. తాగాక తాళం తిరిగి ఇవ్వదు, బారు ముందు టాక్సీ పెట్టుకునే బాబాయి ఇంటి దగ్గర దింపి వస్తాడు. మర్నాడు పొద్దున ఇంట్లోవాళ్ళు వచ్చి తీసుకెళ్ళాలి. తాగినవాడే వచ్చి కాళ్ళావేళ్ళా పడినా ఇవ్వదు. మొదట్లో బేరాలు పోతాయని ఓనరు లబోదిబోమన్నాడు. "తగలడితే ఆ బారులోనే తగలడు" అని ఆడవాళ్ళే మొగుళ్ళను పంపడం మొదలుపెట్టాక నోరు మూసుకున్నాడు. పోలీసులకు జంకని మగాళ్ళు కూడా ఆమెకు జంకేవారు. "అక్కా, నీకు దండం పెడతాను, మా అమ్మను మాత్రం పిలిపించకు" అని బతిమాలిన బ్యాంకు మేనేజరున్నాడు.

చివరికి ఒక రాత్రి కాంట్రాక్టరు వచ్చాడు. ఆమెను గుర్తుపట్టనైనా లేదు. అదొక మంట. తాళం కౌంటరు మీద విసిరేసి, పీకలదాకా తాగి, తూలుతూ మళ్ళీ వచ్చాడు.

"తాళం ఇలా పడెయ్."

"టాక్సీ ఉంది, కూర్చోండి."

తాళం ఆమె గుప్పిట్లోనే ఉంది. ఇచ్చేస్తే? ముందు మలుపులో ఏ లారీకో గుద్దుకుని చస్తాడు, పీడ విరగడైపోతుంది. ఎంత తియ్యటి ఆలోచన! కానీ ఆ మలుపు చేరేలోగా ఏ ఇంటి పిల్లాణ్ణి తొక్కేస్తాడో. పైగా ఒక్క దెబ్బకు పోతే వీడికేం తెలిసొస్తుంది? ఆమె గుప్పిట బిగించింది.

"ఇవ్వవా? నేనెవర్ననుకుంటున్నావ్? ఇంతకు రెండింతలు తాగి నడిపిన మొనగాణ్ణి! మనిషి అడ్డం పడినా నా చెయ్యి వణకలేదు. డ్రైవరు గాణ్ణి లోపలికి పంపించి దర్జాగా తిరుగుతున్నా. ఎవడేం పీకాడు నన్ను?"

బారంతా ఇటే చూస్తోంది. ఆమెకు ఒళ్ళు భగ్గుమంది. సీసా తీసి నెత్తిన బద్దలు కొడదామనిపించింది. పళ్ళు బిగబట్టి, "బాబాయ్, ఈయన్ని జాగ్రత్తగా దింపు. ఒంటి మీద చిన్న గీత కూడా పడకూడదు" అంది.

పొద్దున అతని భార్య వచ్చింది. తల దించుకుని, "మా ఆయన కారు తాళమండీ" అంది.

"మీ ఆయన్ని క్షేమంగా ఇంటికి పంపాను తల్లీ. మీ ఆయన మా తమ్ముణ్ణి పంపలేదు."

రాత్రి విన్న మాటలన్నీ పొల్లుపోకుండా చెప్పింది. భార్య కుర్చీలో కూలబడి ఏడ్చింది. జాలి పడాల్సిన చోటే. పడలేదు. ఏడవనీ అనుకుంది.

ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "ఆ రాత్రి గేటు తీసింది నేనేనండీ. స్టీరింగు దగ్గర్నుంచి దిగింది ఈయనే. డ్రైవరును తర్వాత ఫోన్ చేసి పిలిపించాడు. పిల్లల మొహం చూసి నోరు కుట్టేసుకున్నాను. డ్రైవరు పెళ్ళాం ఎదురైతే మొహం తిప్పుకుని పోతున్నాను. ఇక నా వల్ల కాదు."

"ఇదే మాట స్టేషన్లో చెబుతావా?"

"చెబుతాను. మీరూ రండి. ఒక్కదాన్నే అయితే సగం దారిలో వెనక్కి తిరిగిపోతానేమో."

టాక్సీ బాబాయి అప్పటికే బండి తలుపు తీశాడు. "రాత్రి నా చెవులతో నేనూ విన్నానమ్మా. నేనూ చెబుతా" అన్నాడు.

బండి కదిలాక ఆమె అడిగింది. "మీ ఆయన లేచాడా?"

"లేదండీ, గురకపెడుతున్నాడు. తలనొప్పి, ఎవరూ లేపొద్దన్నాడు."

"పడుకోనీ తల్లీ" అంది. "లేపేవాళ్ళను తీసుకురావడానికేగా వెళ్తున్నాం."