నల్ల చీర మీద నా సున్నలు

ఆ రోజుల్లో నాకు వచ్చిన అక్షరం సున్న ఒక్కటే. అది అక్షరమని కూడా నాకు తెలియదు. పెళ్లయి సూరత్ వచ్చిన రెండో ఏడు, ఉధ్నాలో మా ఆయన మగ్గం నడిపే షెడ్డుకు ఎదురుగా ఉన్న చెకింగ్ గదిలో పనికి కుదిరాను. మగ్గం మీంచి దించిన గుడ్డను బల్ల మీద పరిచి, తప్పు కనిపించిన చోట సుద్దముక్కతో సున్న చుట్టాలి. "హాత్ నహీ లగానా, గోల్ కర్నా" అని మొదటి రోజే చెప్పింది మా మీద పెద్దగా ఉన్న గుజరాతీ బెన్ (అక్కను అక్కడ అలా పిలుస్తారు). చేయి పెట్టొద్దు, సున్న చుట్టు, అంతే. చదువు రాని దానికి ఇంకొకరి పనిలో తప్పు పట్టే అధికారం దొరికితే ఊరుకుంటుందా? మహా శ్రద్ధగా చుట్టేదాన్ని.

అప్పుడే నా తలకు చుండ్రు పట్టింది. గోకితే గోళ్ల నిండా జిడ్డు. మా అత్త చూసి, "నూనె సాలకనే పోరీ, నెత్తి నెర్రెలు వాసింది" అని తీర్మానించి, రోజూ చారెడు నూనె మాడు మీద పోసి అదిమేది. చుండ్రు తగ్గలేదు సరికదా, ముక్కిన నూనె వాసన తోడైంది. బల్ల దగ్గర నా పక్కన కూర్చునే ఆడవాళ్లు ఒక్కొక్కరే కిటికీ వైపు జరిగారు. (గాలి కోసమనుకున్నాను.)

ఆ నెల మిగతా మగ్గాల మీద తెల్ల గుడ్డ నడుస్తోంది. మా ఆయన మగ్గం మీద మాత్రం నల్ల చీరలు. వాటి నిండా తెల్ల మచ్చలు, షెడ్డు భాషలో దాగ్‌లు, కనిపించసాగాయి. ఒక్కో చీరకు ఇరవై సున్నలు చుట్టాను. కట్టుకున్నవాడి పని కదా అని ఒక్కటీ వదల్లేదు. న్యాయం న్యాయమే.

మేస్త్రీ మగ్గాన్ని రెండుసార్లు విప్పి బిగించాడు. నూలు మార్చారు. సున్నలు తగ్గలేదు. ఆ సాయంత్రం మా ఆయన కంచం ముందు కూర్చుని ముద్ద ఎత్తలేదు. "రేపటిదాక సూస్తరట. దాగ్ ఆగకపోతే మగ్గం ఇంకోనికిస్తరట" అన్నాడు. "జర మంచిగ నెయ్యరాదుండ్రి?" అన్నాను నేను. ఆయన చిన్ననాటి నుంచి నేస్తున్న తన చేతుల్ని, ఎవరివో అన్నట్టు తిప్పి తిప్పి చూసుకున్నాడు.

మర్నాడు బెన్ నా బల్ల దగ్గరకు వచ్చి, సున్నలో ఉన్న మచ్చను కాసేపు చూసి, వంగి ఉఫ్ అని ఊదింది. మచ్చ ఎగిరిపోయింది. ఉత్త సున్న మిగిలింది. ఇదేం విడ్డూరమని నేనూ వంగి చూశాను. ఆ సున్న నడుమనే ఇంకో మచ్చ రాలింది. బెన్ ఈసారి చీరను చూడలేదు, నా పాపిటను చూసింది.

షెడ్డులోకి పరుగెత్తాను. మగ్గాల చప్పుడులో మాట వినబడాలంటే చెవి దగ్గర అరవాలి.

"ఓ ఇనుండ్రి! గవి మగ్గం దాగ్‌లు కావు!"

"ఏందే?"

"నా నెత్తివి!"

"ఏంది? జర గట్టిగ చెప్పు!"

ఉన్న గొంతంతా కూడదీసుకుని "నా నెత్తిల చుండు!" అని అరిచాను. 'నెత్తిల' దగ్గర కరెంటు పోయింది. మగ్గాలన్నీ ఒక్కసారే ఆగాయి. 'చుండు' ఒక్కటే షెడ్డంతా తిరిగి వచ్చింది. మగవాళ్లందరూ నా వైపు చూశారు. మా ఆయన మళ్లీ తన చేతుల్ని చూసుకున్నాడు. తరువాత, వారం రోజుల్లో మొదటిసారి, నవ్వాడు.

మగ్గం ఆయనకే దక్కింది. నేను నెత్తికి రుమాలు కట్టి పని చేశాను. దవాఖానాలో డాక్టరమ్మ ముందు నూనె మాన్పించింది. మందు షాంపూ ఇచ్చి, వారానికి రెండుసార్లు తలకు పట్టించి, అయిదు నిమిషాలు ఆగి కడగమంది. (మా అత్త ఆ అయిదు నిమిషాలూ నూనె సీసా పట్టుకుని గుమ్మంలో నిలబడేది.) నెల దాటాక తల తేటపడింది.

ఇన్నేళ్లకు మనవరాలి దగ్గర అక్షరాలు నేర్చుకున్నాను. ఈ కాగితమూ తనే దిద్దింది, తప్పుల చుట్టూ ఎర్రగా సున్నలు చుట్టి. నేను కాగితం ఎత్తి ఉఫ్ అని ఊదాను.

"అరే నానమ్మా, ఊదితే గల్తీ పోతదా?"

"ఒక్కోసారి పోతది బిడ్డా" అన్నాను.

మంచం మీది మా ముసలాయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు. భుజాలు మాత్రం కదులుతున్నాయి.