అంచులు తీసిన చెక్కముక్క

కట్టుకున్నవాడు తప్ప ఆ వీధిలో అందరూ ఆమెను అక్క అనే పిలిచేవారు. మొదట పిలిచింది సొంత తమ్ముడు. అది విని పక్కింటివాళ్ళు, వాళ్ళను చూసి పాలవాడు, చివరికి ఆమెకంటే పెద్దవాళ్ళు కూడా. ఆమె ఏమీ అనుకోలేదు. వడ్రంగి కూతురు, వడ్రంగి పెళ్ళాం, వడ్రంగికి అక్క. పుట్టినప్పటి నుంచీ రంపపు పొట్టు ఊడుస్తున్న మనిషికి పిలుపుల దగ్గర పట్టింపులేముంటాయి?

భర్తా తమ్ముడూ జంటగా పనిచేసేవారు. తలుపులు, అలమరాలు, వంటగది గూళ్ళు. భర్తను పనిచోట సుడిగాలి అనేవారు. ఆయన అడుగుపెడితే పని పరుగెత్తాల్సిందే, పక్కవాడు కూడా పరుగెత్తాల్సిందే. తమ్ముడి పేరు నగిషీ. ఆ పేరు పెట్టింది బావే. ఎందుకంటే తమ్ముడు ఏ ముక్క కోసినా సరే, అది తలుపులోకి పోయేదైనా పొయ్యిలోకి పోయేదైనా, నాలుగు అంచులూ ఉలితో తీసి, గరుకు కాగితంతో రుద్ది గానీ కింద పెట్టడు.

"ఒరే నగిషీ, పళ్ళు తోముకునే పుల్లకి కూడా చిత్రిక పట్టేట్టున్నావురా," అనేవాడు బావ.

"నువ్వు చేసిన కుర్చీలో కూర్చుంటే పేళ్ళు బట్టకు పట్టి లేచేటప్పుడు కుర్చీ కూడా వెంట లేస్తుంది బావా. నా కుర్చీ అలా కాదు," అనేవాడు తమ్ముడు.

ఇద్దరికీ అన్నం వడ్డిస్తూ అక్క నవ్వుకునేది. ఆ అలవాటు తమ్ముడికి ఎలా వచ్చిందో ఆమెకు తెలుసు. చిన్నప్పుడు తండ్రి కోస్తుంటే పలక రెండో కొస ఆమె పట్టుకునేది. ఒకసారి పెద్ద పేడు అరచేతిలో దిగబడి, చెయ్యి వాచి, జ్వరం వచ్చి మంచాన పడింది. తమ్ముడు మంచం పక్క నుంచి కదల్లేదు. అప్పటినుంచీ అక్క చేతికి ఏ ముక్క అందించాలన్నా ముందు అంచులు తీసేవాడు. పెద్దయ్యాక అది చేతికి అంటుకుపోయింది.

ఇక కటింగ్ మిషన్ సంగతి. చేత్తో పట్టుకుని కోసే ఆ గుండ్రటి రంపం మగవాళ్ళదే గానీ, దాని బాగోగులు మాత్రం అక్కవే. పనిలేని రోజు మధ్యాహ్నం వసారాలో పాత దుప్పటి పరిచి కూర్చునేది. ముందు ప్లగ్గు తెచ్చి ఒళ్ళో పెట్టుకునేది. ప్లగ్గు ఒళ్ళో ఉంటేనే చెయ్యి బ్లేడు జోలికి పోవాలి, అది ఆమె పట్టుదల. తర్వాత గాలి పోయే సందుల్లోని పొట్టు బ్రష్షుతో దులిపేది. బ్లేడుకు పట్టిన జిగురును కిరసనాయిలు గుడ్డతో తుడిచేది. వైరు పొడవునా వేళ్ళు పోనిచ్చి ఎక్కడైనా చీలిందేమో చూసేది.

అన్నింటికీ ఆఖర్న గార్డు. బ్లేడు కింది సగాన్ని కప్పి ఉండే రేకు అది. చెక్కలోకి బ్లేడు దిగేటప్పుడు వెనక్కి జరుగుతుంది, కోత అయిపోగానే స్ప్రింగు లాగి మూసేస్తుంది. మీట వదిలేశాక కూడా బ్లేడు కాసేపు తిరుగుతూనే ఉంటుంది. ఆ కాసేపూ మనిషి ఒంటికీ బ్లేడుకీ మధ్య అడ్డం ఉండేది ఆ రేకొక్కటే. అక్క దాన్ని వెనక్కి లాగి వదిలేది. టక్కున మూసుకుంటే సరే. కాస్త నెమ్మదించినా మళ్ళీ మొదటినుంచీ తుడవాల్సిందే.

"ఆ టక్కు వినపడితే గానీ మా ఆవిడకు అన్నం సయించదు," అని భర్త ఎగతాళి చేసేవాడు.

ఆయనకు ఓ పాడలవాటు ఉండేది. కోత కాగానే, బ్లేడు ఆగకుండానే మిషన్‌ని కాలి పక్కకు దించి ఇంకో పలక దగ్గరకు నడిచిపోయేవాడు. "ఆగేదాకా ఆగితే మీ సొమ్మేం పోయింది?" అని అక్క ఎన్నిసార్లు మొత్తుకుందో.

"నువ్వు తుడిచిన గార్డు ఉండగా నాకేం భయమే?" అనేవాడు.

ఓ కొత్త ఇంటి వంటగదిలో ఆయన అలాగే కోత ముగించి మిషన్‌ని కాలి పక్కకు దించాడు. గార్డు మూసుకోలేదు. బ్లేడు తొడలోకి దిగింది. తమ్ముడు తన చొక్కా విప్పి గట్టిగా బిగించి కట్టి, ఆటోలో బావ తలను ఒళ్ళో పెట్టుకుని ఆస్పత్రికి బయల్దేరాడు. దారిలోనే ప్రాణం పోయింది. అక్క చేరేసరికి తమ్ముడు ఒంటిమీద బనీనుతో మెట్ల మీద కూర్చుని ఉన్నాడు.

తర్వాత జనం నోళ్ళు లేచాయి. చావుకొచ్చినవాళ్ళు ఏడ్చి ఊరుకుంటే ఎంత బావుండును! ఊరుకోరు గదా. "సుడిగాలి గదమ్మా, దూకుడే మింగేసింది," అన్నాడు కలప డిపో యజమాని. "మిషన్ దగ్గర ఆ తొందరేమిటి?" అన్నాడు రంగులేసేవాడు. అదంతా ఆమె ముఖం మీదే అన్నారు. తమ్ముడు పక్కనే తల వంచుకుని కూర్చున్నాడు, ఒక్క మాట అనలేదు.

అక్కకు ఆ మాటలు గుచ్చుకున్నాయి గానీ, లోపల తొలిచేది వేరే. గార్డు ఎందుకు మూసుకోలేదు? ఏ మూల జిగురు వదిలేసింది తను? నువ్వు తుడిచిన గార్డు ఉండగా, అన్న మనిషిని తన చేతులే చంపాయా? ఎవరితో చెప్పుకుంటుంది? మెతుకు నోట్లో పెట్టుకోబోతే చెయ్యి కనపడేది, ఆకలి చచ్చిపోయేది.

తమ్ముడు మాత్రం కంటికి రెప్పలా చూసుకున్నాడు. కూరగాయలు తెచ్చాడు, కారుతున్న పంపు బిగించాడు. వచ్చినప్పుడల్లా మంచం కిందికి చూసేవాడు. ఆ కొత్త ఇంటి యజమాని గోనెసంచిలో కట్టి పంపించిన మిషన్ అక్కడే ఉంది.

"అది ఇటివ్వు అక్కా, తీసుకెళ్ళి శుభ్రం చేసుకొస్తా," అనేవాడు.

"ఉండనీరా," అనేది ఆమె. దాన్ని చూసే ధైర్యం ఆమెకే లేదు. పుట్టి బుద్ధెరిగాక వీడు ఏనాడు మిషన్ తుడిచాడు, ఇప్పుడెందుకీ ఆరాటం అన్న ఆలోచన కూడా అప్పట్లో తట్టలేదు.

ఓ మధ్యాహ్నం తెగించింది. తన చేతులు చేసిన పాపమేదో తన కళ్ళతోనే చూసుకోవాలనుకుంది. దుప్పటి పరిచి, ప్లగ్గు ఒళ్ళో పెట్టుకుని, సంచి విప్పింది. గార్డు తెరిచే ఉంది. లాగితే కదల్లేదు. బ్రష్షుతో పొట్టు దులిపితే, రేకుకూ మిషన్ ఒంటికీ మధ్య సందులో చిన్న చెక్కముక్క బిగించి ఉంది.

పలక మధ్యలో కోత మొదలుపెట్టాలంటే గార్డు అడ్డొస్తుందని, కొందరు ఇలా ఓ ముక్క దూర్చి దాన్ని తెరిచి ఉంచుతారు. చేయకూడని పని. పట్టకారుతో ముక్క లాగింది. గార్డు టక్కున మూసుకుంది.

తన తప్పు కాదు! ఆ సంగతి తెలియగానే గోడకు చేరగిలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. చాలా రోజులకు ఊపిరి పూర్తిగా లోపలికి పోయింది. ఆ తర్వాతే చేతిలోని ముక్కను చూసుకుంది. భర్త అయితే ఏ విరిగిన పేడో తీసి కుక్కేవాడు. దీనికి నాలుగు అంచులూ తీసి ఉన్నాయి. బొటనవేలితో అటూ ఇటూ రాసింది. ఎక్కడా గుచ్చుకోలేదు.

అంతా అర్థమైంది. ఆ వంటగదిలో సింకు దిగే చోటు కోసం పలక మధ్యలో కోసింది తమ్ముడు. ముక్క తీయడం మరిచి, కొలతలకు లేచి వెళ్ళి ఉంటాడు. ఆ వెనకే ఈయన మిషన్ అందుకున్నాడు. మరిచిపోయాడు, అంతే. మనిషన్నాక మరిచిపోడా? రాత్రిళ్ళు వాడికి నిద్రైనా పడుతోందో లేదో, పిచ్చివెధవ. వాడంతట వాడు నోరు విప్పి చెబితే చాలు, కడుపులో పెట్టుకుంటాను అనుకుంది. ఇక మిగిలింది వాడొక్కడే. వాడు చెప్పాలి. అంతకుమించి ఆమెకు ఏమీ అక్కర్లేదు.

మళ్ళీ తమ్ముడు వచ్చేసరికి టీ పెట్టి, తుడిచిన మిషన్ తెచ్చి బల్ల మీద ఉంచింది. వాడి చూపు తిన్నగా గార్డు మీదికి పోయింది.

"నువ్వే తుడిచావా?"

"నేనే. ఎప్పుడూ తుడిచేది నేనేగా."

"లోపల ఏమైనా..."

"ఏముంటుందిరా? పొట్టు."

వాడి భుజాలు కిందికి జారాయి. గ్లాసు అందుకుని ఓ గుక్క తాగాడు. అక్క ఎదురుగా కూర్చుంది. చెప్పరా నాయనా, చెప్పెయ్, అని లోపల్లోపల బతిమాలుకుంటూ అడిగింది.

"ఒరే, ఆ రోజు గార్డు ఎందుకు మూసుకోలేదంటావు?"

తమ్ముడు చూపు గ్లాసులోకి దించాడు. తర్వాత మెత్తగా, ఓదారుస్తున్నట్టు అన్నాడు.

"తుడవడంలో ఎక్కడో కాస్త జిగురు ఉండిపోయి ఉంటుంది అక్కా. నువ్వు మనసులో పెట్టుకోకు. నీ తప్పేం కాదులే."

అక్క పిడికిలి విప్పి, చెక్కముక్కను గ్లాసు పక్కన పెట్టింది.

వాడు దాన్ని చూశాడు. చెయ్యి దానంతటదే ముందుకొచ్చి, బొటనవేలు అంచు మీద ఓసారి రాసింది. చటుక్కున వెనక్కి తీసుకోబోతే గ్లాసుకు తగిలి టీ బల్ల మీద ఒలికింది.

"ఆ రోజే చెబుదామనుకున్నా అక్కా. అందరూ బావ తొందరే అంటుంటే... నోరు రాలేదు."

"మరిచిపోయినందుకు నిన్నొక్క మాట అనేదాన్ని కాదురా," అంది అక్క. గొంతు పెంచలేదు. "మీ బావను అందరూ ఆడిపోసుకుంటుంటే విన్నావే, దానికీ సర్దుకునేదాన్ని. ఇప్పుడు ఆ తప్పు తెచ్చి నా చేతుల మీద పెట్టావు చూడు... ఆ రోజు నాకు మీ బావ ఒక్కరే పోయారనుకున్నాను."

తమ్ముడు ఆమె కాళ్ళ దగ్గర కూలబడి ఏడ్చాడు. అక్క చెయ్యి అలవాటుగా వాడి తల మీదికి పోబోయి, మధ్యలోనే ఆగి ఒళ్ళోకి వచ్చేసింది.

"మిషన్ తీసుకెళ్ళు," అంది కాసేపటికి. "గార్డు బాగానే మూసుకుంటోంది."

వాడు మిషన్ ఎత్తుకుని గుమ్మం దగ్గర నిలబడ్డాడు. ఎప్పుడూ ఆమె అక్కడిదాకా వచ్చి "జాగ్రత్తరా" అనేది. అక్క బల్ల మీద ఒలికిన టీ తుడుస్తూ ఉండిపోయింది.