కోరుట్ల గల్లీలో గాజు పెంకుల డబ్బా

కల్లు కాంపౌండ్ వెనక కుప్పపడ్డ పగిలిన సీసాలను తెల్లారేసరికి ఎత్తించేస్తానని మా మేనబావ చాలా ఏళ్ల కిందట మాట ఇచ్చాడు. ఆ కల్లు దుకాణం అతనిదే. మాట ఇచ్చింది పెగడపల్లిలో, నలుగురి ముందు, నాకు. ఎత్తించలేదు. కొద్ది రోజులకే బీడీల ఆకు తేవడానికి అటు వెళ్లిన మా చెల్లె ఎల్లవ్వ పాదంలో గాజు పెంకు దిగి నరం తెగింది. ముసలిదై సిరిసిల్లలో ఉంటున్నా నేటికీ ఎడమ కాలు ఈడ్చుకుంటూనే నడుస్తుంది. ఆమె అల్లుడు మల్లేశం దుబాయి కంపెనీ మూతపడి కోరుట్లకు తిరిగొచ్చాడు. వచ్చిన దగ్గర్నుంచి పెళ్లాం, బిడ్డతో కలిసి రోజూ పొద్దున వీధిలో చెత్త ఏరుతున్నాడట. ఆ సిగ్గుతో ఎల్లవ్వ కూతురి గడప తొక్కడం మానేసింది. ఈ సంగతి విన్నప్పుడు నాకు కోపం రాలేదు, ఒక ఇల్లంతా కలిసి చెత్త ఎలా ఏరుతుందో చూడాలనిపించింది. నా వయసులో కొత్తగా చూడాలనిపించేవి తక్కువ.

జగిత్యాల బస్టాండులో తెల్లవారుజామున బస్సెక్కితే గంటలోపే కోరుట్ల. రోజంతా బస్సులు దొరుకుతాయి, కానీ వీళ్లు బడి వేళకు ముందే ఏరుతారు కాబట్టి తొలి బస్సే నయం. కోరుట్లలో ఆటో అతనికి పేరు చెప్పగానే నవ్వాడు.

"గా చెత్త మల్లేశం ఇల్లా? ఎక్కు తాతా. దుబాయిల సూపర్‌వైజర్ అన్నరు. ఈడికచ్చి కవర్లు ఏరుతుండు. ఏం సూపర్‌వైజరో!"

"నువ్వు నమిలి పారేసిన గుట్కా కవర్ గూడ ఆయనే ఏరుతుండు గదా. జర ఇజ్జత్ తోని మాట్లాడు" అన్నాను. దిగేటప్పుడు ఇరవై అడగాల్సిన చోట నలభై అడిగాడు. ఆటో ఎక్కే ముందే బేరమాడుకోండి, నీతులు దిగాక చెప్పండి.

నేను వెళ్లేసరికి ముగ్గురూ బయల్దేరుతున్నారు. మల్లేశం చేతికి మందపాటి గ్లౌజులు, కాళ్లకు బూట్లు. చేతిలో పిడి నొక్కితే కొస మూసుకునే పొడవాటి చిమ్టా. నా మేనకోడలు సుజాత దగ్గర సంచి, నాలుగో తరగతి చదివే శ్రావణి చేతిలో చిన్న చిమ్టా. సుజాతే కథ చెప్పింది. "అందరు పెట్టెల సెంటు బుడ్లు, దుప్పట్లు తెస్తరు మామా. ఈయన పెట్టె ఇప్పితే గీ చిమ్టా ఎల్లింది. సూపర్‌వైజర్‌కు గిదెందుకని అడిగిన. తల దించుకున్నడు."

అతను అక్కడ ఇన్నేళ్లూ రోడ్లు ఊడ్చాడు. అరబ్బు ఎడారుల గురించి నేను లావుపాటి పుస్తకాలు చదివాను. అక్కడి రోడ్లు ఎవరు ఊడుస్తారో వాటిలో ఒక్కటీ చెప్పలేదు. ఆ రచయితల మీద కూడా నాకు కోపమే.

"మరి ఈడ ఎందుకు ఏరుతున్నవ్?" అని మల్లేశాన్ని అడిగాను.

"చెయ్యి ఊకుంటలేదు మామా. కింద పడ్డది కనవడితె ఒంగుతది."

సుజాత అందుకుంది. "ఒక్కడే ఏరితే కూలోడంటరు. ఇల్లంత ఏరితే ఏమనాల్నో ఎవలకు తెల్వది. గందుకే ముగ్గురం పోతం."

పని మాత్రం ఆషామాషీగా చేయరు. శ్రావణి కాగితాలు, కవర్లు మాత్రమే ఏరాలి, అవీ చిమ్టాతోనే. నాకూ పాఠం చెప్పింది: "మెరిసేది ముట్టద్దు తాతా. సూది కనవడితె నాయిన్ను పిలువాలె. మూతున్న సీస ఇప్పద్దు." గాజు పెంకులు ఖాళీ నూనె డబ్బాలోకి, సూదులు వేరే గట్టి సీసాలోకి పోతాయి. డబ్బాను చేత్తో పట్టుకోరు, నేల మీద పెట్టి చిమ్టాతో పైనుంచి వదులుతారు. సంచిని చేత్తో అదమరు, కాలికి ఆనించి మోయరు. మున్సిపాలిటీ బండి రాగానే పెంకులూ సూదులూ ఉన్నవి విడిగా ఇచ్చి, ఏముందో చెప్పి, ఇంటికొచ్చి సబ్బుతో చేతులు కడుక్కుంటారు. ఆ తర్వాతే చాయ్.

చాయ్ తాగుతుంటే సుజాత గొంతు తగ్గించింది. "అమ్మను తోలుకరా మామా. పొల్ల అమ్మమ్మ ఏదని రోజు అడుగుతది."

మధ్యాహ్నం కథలాపూర్, రుద్రంగి మీదుగా వేములవాడ చేరి, అక్కడ బస్సు మారి సిరిసిల్లలో దిగాను. ఎల్లవ్వ ఉండే వాడలో సగం సాంచాలు ఆగి ఉన్నాయి. ఒకప్పుడు ఆ మరమగ్గాల మోతకు ఇక్కడ అరిచి మాట్లాడాల్సి వచ్చేది. ఆమె ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చేస్తోంది.

"అల్లుని పని చూసచ్చినవా అన్నా? సూపర్‌వైజర్ అని వాడంత చెప్పుకున్న. ఇప్పుడు నా మొకం ఏడ పెట్టుకోను?"

నేను వాదించలేదు. చూసింది చూసినట్టు చెప్పాను. నూనె డబ్బా దగ్గరికి రాగానే ఆమె చేతిలో బీడీ ఆగింది.

"సీసపెంకులు గూడ ఏరుతడా?"

"ముందు అవే ఏరుతడు."

ఆమె చాట పక్కన పెట్టి ఎడమ పాదం నిమురుకుంది. "పొల్ల ఒట్టి కాళ్లతోని తిరుగుతదా ఆడ?"

"చెప్పులు లేంది గడప దాటనియ్యరు."

మర్నాడు మేమిద్దరం కోరుట్ల బస్సెక్కాం. ఆ మరుసటి పొద్దున ఎల్లవ్వ కూతురి గడపలో కూర్చుని ముగ్గుర్నీ చూసింది. కాసేపటికి కాలీడ్చుకుంటూ డబ్బా దాకా వెళ్లి లోపలికి తొంగి చూసింది. అల్లుడితో ఇంకా మాటలు లేవు. మనవరాలి వైపు తిరిగి అంది: "మీ నాయినకు చెప్పు బిడ్డా, గా మూత గట్టిగ పెట్టుమని."

మల్లేశం మూత గట్టిగా బిగించాడు.

ఊళ్లు పాడయ్యాయని తిట్టడానికి నాకు ఒక జీవితం పట్టింది. ఒక గల్లీని బాగుచేయడానికి వీళ్లకు పొద్దున కాసేపు చాలుతోంది. మీరూ మొదలు పెట్టాలనుకుంటే నా సలహా ఒక్కటే: చిమ్టా, గ్లౌజులు, గట్టి మూతున్న డబ్బా లేకుండా ఒక్క పెంకునైనా ముట్టకండి, పిల్లలను ముట్టనివ్వకండి. ఎల్లవ్వ అల్లుడి అబద్ధాన్ని క్షమించింది. తన కాలు పోయేలా చేసినవాణ్ని కూడా ఎప్పుడో క్షమించానంటోంది. అది ఆమె ఇష్టం. ఆ మేనబావ ఇప్పుడు జగిత్యాలలో పట్టె మంచం మీద కూర్చుని, ఈ కాలం జనానికి శుభ్రత లేదని వచ్చినవాళ్లకు చెబుతుంటాడు. నేను క్షమించలేదు. అతని పేరు నర్సయ్య.