ఫూజియన్ వెల్డరు లిన్

గల్ఫ్ యుద్ధం ముగిసిన మరుసటి ఏడాది సౌదీలోని యాన్బులో ఒక రిఫైనరీ విస్తరణ పనికి నన్ను వెల్డింగ్ ఇన్‌స్పెక్టరుగా పంపారు. అతికిన పైపు జాయింట్లకు ఎక్స్‌రే తీయించి, ఆ ఫిల్ము చూసి పాసో ఫెయిలో రాయడం నా పని. వరసగా మూడు ఫెయిలైతే వెల్డరు కార్డు రద్దయ్యేది. ఆపైన పాస్‌పోర్టు మీద ఎగ్జిట్ ముద్ర కొట్టి ఇంటికి పంపేవారు.

మా వెల్డర్లలో లిన్ అనే చైనా ఆయన ఉండేవాడు. ఊరు ఫూజియన్ రాష్ట్రపు సముద్రతీరం. పనిలో దిట్ట. టీ వేళ సగం ఇంగ్లీషులో, సగం సైగలతో తన ప్రాంతం గురించి చెప్పేవాడు. వెనక కొండలు, ముందు సముద్రం, మధ్యన సాగుకు మిగిలేది కొంచెమేనట. కొండవాలున తేయాకు, ఒడ్డున ఆల్చిప్పల పెంపకం. అవి చాలక మగవాళ్లు తరతరాలుగా ఓడలెక్కి పరదేశాలు పోతారట. ఒక లోయ మాట పక్క లోయకు అర్థం కాదట. చిన్న గిన్నెల్లో టీ పోసి మొదటిది నాకే ఇచ్చేవాడు.

ఎండలు ముదిరిన ఒక వారం ఆయనవి వరసగా రెండు జాయింట్లు ఫెయిలయ్యాయి. లోహంలో గాలి బుడగలు. చెయ్యి నిలకడ తప్పితే అలా వస్తాయి. జగిత్యాల నుంచి వచ్చిన ఫోర్‌మన్ మల్లేశాన్ని అడిగాను.

“రెండు దినాల సంది తింటలేడు సార్. వాళ్ల దిక్కు తుఫానొచ్చిందట. పెండ్లానికి నెలలు నిండినయట. ఏ ముచ్చటా తెలుస్తలేదు.”

మాది కృష్ణా తీరం. తుఫాను తర్వాత కబురు కోసం కూర్చోవడం ఎలా ఉంటుందో నాకు తెలుసు.

“కబురు తెలిసేదాకా ఆయన్ని పైపులైను మీద పెట్టకు. గ్రైండింగుకు మార్చు, దానికి ఎక్స్‌రే ఉండదు,” అన్నాను.

“మేనేజరు అడిగితే?”

“నేను మార్చమన్నానని చెప్పు.”

ఆ సాయంత్రం లిన్‌ని బజారులోని ఫోన్ క్యాబిన్‌కు తీసుకెళ్లాను. లైను కలవలేదు. మర్నాడూ కలవలేదు. మూడో రోజు వాళ్ల ఊరి దుకాణంలో ఎవరో ఎత్తారు. లిన్ గట్టిగా మాట్లాడాడు, తర్వాత గోడవైపు తిరిగి చాలాసేపు విన్నాడు. వెంట వచ్చిన చైనా దుబాసీకి కూడా ఆ మాట ఒక్కటీ తెలియలేదు. ఫోన్ పెట్టేశాక లిన్ రెండు అరచేతులూ జానెడు దూరంలో పట్టుకుని, “గర్ల్,” అన్నాడు. ఇంటి కప్పు పోయిందట, ఆల్చిప్పల మడులు కొట్టుకుపోయాయట. తల్లీ బిడ్డా కొండ మీద పుట్టింట్లో క్షేమమట.

అనుమతి లేకుండా వెల్డరును మార్చినందుకు నాకు మెమో వచ్చింది. అది న్యాయమే. లిన్ మళ్లీ పైపులైను పనికెక్కాడు, మూడో జాయింటు పాసయింది.

ఫిల్ములో లోపం కనిపిస్తుంది గాని దాని కారణం కనిపించదు. ఆ తర్వాత ఎక్కడ పనిచేసినా, రెండో ఫెయిలు రాశాక ఆ వెల్డరుతో ఒకసారి కూర్చుని మాట్లాడకుండా మూడో ఎక్స్‌రేకు పంపలేదు.