పదకొండు, పన్నెండు అధ్యాయాలు

2018 జూలై 9, సోమవారం ఉదయం 10 గంటల 20 నిమిషాలకు మా ముద్రణాలయంలో ఒక నవల రెండో సంపుటానికి ప్రూఫ్ మొదలైంది. 10.22కి ఆగిపోయింది.

చిక్కపేట మెట్రో స్టేషనుకు నాలుగు వందల మీటర్ల దూరంలో, అంధుల కోసం బ్రెయిలీ పుస్తకాలు అచ్చువేసే ఒక ట్రస్టులో నేను ప్రొడక్షన్ మేనేజరుగా పదమూడేళ్లు పనిచేశాను. ఆ జూన్‌లో ఆంధ్రలోని ఒక అంధ బాలికల పాఠశాల నలభై సెట్లకు ఆర్డరు ఇచ్చింది. అది తెలుగులోకి వచ్చిన పాత విదేశీ నవల. ఓడరేవు పట్టణంలో ఎదిగే ఒక బాలిక కథ. ఆమె స్నేహితురాలు ఆ ఊరికి పొసగని పిల్ల. జుట్టు కత్తిరించుకుని, మగవాళ్ల కోటు తొడుక్కుని, పడవలకు తారు పూసి బతుకుతుంది. పదకొండు, పన్నెండు అధ్యాయాలలో ఆ పిల్ల సంరక్షకుల ఇల్లు విడిచి ఒంటరిగా ఉండసాగుతుంది. ఊరు ఆమెను వెలివేస్తుంది. హాస్టలు పిల్లలకు ఆ రెండు అధ్యాయాలు అవసరం లేదని ప్రధానోపాధ్యాయురాలు రాశారు.

నేను అభ్యంతరం చెప్పలేదు. అచ్చుపుస్తకంలోని ఒక పేజీ బ్రెయిలీలో సగటున రెండున్నర పేజీలవుతుంది. 212 పేజీల నవలకు 530 బ్రెయిలీ పేజీలు కావాలి. సంపుటం 160 పేజీలు దాటితే బరువుకు కింది పేజీల చుక్కలు అణిగిపోతాయి కనుక నాలుగు సంపుటాలు తప్పవు. అచ్చులో 31 పేజీల ఆ రెండు అధ్యాయాలు తీసేస్తే మిగిలేవి 452 బ్రెయిలీ పేజీలు. మూడు సంపుటాలలో ఇమిడిపోతాయి. తర్వాతి అధ్యాయాల సంఖ్యలను కూడా మార్పించి, ఫైలులో 'సాంకేతిక కారణం' అని రాశాను.

బ్రెయిలీ ప్రూఫ్ ఇద్దరు చేసే పని. చూపున్న మనిషి అచ్చుపుస్తకాన్ని పైకి చదువుతాడు. చూపులేని ప్రూఫ్ రీడర్ అదే వాక్యాన్ని వేళ్లతో తడుముతూ సరిచూస్తుంది. చివర ఆమె ఒక ధ్రువపత్రం మీద సంతకం చేయాలి: 'ముద్రిత ప్రతిలో ఉన్నదంతా ఇందులో ఉన్నది.' ఆ సంతకం పడ్డాకే యంత్రం నడపాలన్నది నియమం. బడులు తెరిచి నెల కావస్తోందని నేను శనివారమే రెండో సంపుటం నలభై ప్రతులూ నడిపించాను. పైకి చదివే కృష్ణప్పకు కోత సంగతి చెప్పడం మరచిపోయాను.

ప్రూఫ్ రీడర్ గంగరత్నకు అప్పుడు ఇరవై ఏడేళ్లు. సొంత ఊరు బాగేపల్లి దగ్గర. అన్నలు వద్దన్నా హెబ్బగోడిలో అద్దె గది తీసుకుని ఒంటరిగా ఉండేది. రోజూ రెండు బస్సులు మారి 24 కిలోమీటర్లు వచ్చేది. ఆమె ఏడాది ఒప్పందం జూలై 31తో ముగుస్తుంది. పొడిగింపు నా నివేదిక మీద ఆధారపడి ఉంది.

కృష్ణప్ప పదకొండో అధ్యాయం మొదటి వాక్యం చదివాడు. అందులో ఆ పిల్ల కోటు భుజాన వేసుకుని, బయటికి వచ్చి తలుపు మూసింది. గంగరత్న వేళ్ల కింద మాత్రం, పదకొండుగా సంఖ్య మార్చిన పదమూడో అధ్యాయంలో, పడవల సంత ముగుస్తోంది.

"కృష్ణప్పన్నా, ఏ పుస్తకం చదువుతాండావు?"

"చేతిలో ఉండేదే గదమ్మా. సొంతంగా కత కట్టే తెలివుంటే ఈడెందుకు కూసుంటాను, సినిమాలకు రాసుకుంటా."

"ఇంకోతూరి చదువన్నా. ఈడ ఆ పిల్ల లేదు."

ఆమె నా గదికి వచ్చింది. పేజీల లెక్క చెప్పాను. 

"లెక్క సరిగానే ఉండాది సార్. కండ్లుండే పిల్లోళ్లు అంగట్లో కొనే పుస్తకంలో ఆ పిల్ల ఇల్లు విడిచి పోతాది. మా పుస్తకంలో ఊరికే మాయమైపోతాది. యాడికి పోయిందంటే ఏం చెప్పేది?"

కావాలంటే మొదటి పేజీలో 'సంక్షిప్తం' అని వేయిస్తానన్నాను.

"వేసినా ఏం తీసేసినారో వాళ్లకెట్ల తెలుస్తాది? పక్కన పెట్టి చూసుకునేకి వాళ్లకు ఇంకో పుస్తకం లేదు సార్. నేనైతే సంతకం పెట్టను."

మాకు మరో ప్రూఫ్ రీడర్ ఉన్నాడు, అడిగితే పెట్టేవాడు. సాయంత్రం నాలుగున్నర దాకా ధ్రువపత్రాన్ని పలుమార్లు చదివాను. ఆ అధ్యాయాలు తీసేశాక ఆ వాక్యం నిజమయ్యే మార్గం కనిపించలేదు. రెండు అధ్యాయాలూ తిరిగి చేర్పించి పాఠశాలకు తెలియజేశాను. వారు ఆర్డరు రద్దు చేసుకున్నారు. అయినా పని ఆపలేదు. జూలై 20న నాలుగు సంపుటాలూ గంగరత్న సంతకంతో పూర్తయ్యాయి.

తర్వాత ట్రస్టుకు నివేదిక పంపాలి. 'ఆలస్యానికి కారణం' అన్న గడిలో నేను ఇలా రాశాను: 'రెండో సంపుటానికి ప్రూఫ్ రీడర్ గంగరత్న సంతకం నిరాకరించినందున.' అందులో అబద్ధం లేదు. కోతకు ఒప్పుకున్నదీ, ప్రూఫ్ కాకముందే యంత్రం నడిపించినదీ నేనని రాయలేదు. పొడిగింపుకు సిఫారసు చేస్తున్నట్టు మరో కాగితం జతచేశాను. కార్యదర్శి మొదటి కాగితాన్నే లెక్కలోకి తీసుకున్నారు, ఒప్పందం పొడిగించలేదు.

"కాగితంలో ఆ పాప పేరుండాది, మీ పేరు లేదు సార్," అన్నాడు కృష్ణప్ప. ఆగస్టు 3న జరిగిందంతా వివరిస్తూ సవరణ లేఖ పంపాను. ఖాళీ అప్పటికే భర్తీ అయిందని జవాబు వచ్చింది. గంగరత్న ఎలక్ట్రానిక్ సిటీలో ఒక సంస్థలో టెలిఫోన్ ఆపరేటరుగా చేరిందని తర్వాత తెలిసింది.

ఈ ఉదంతం వల్ల నేర్చుకున్నవి రెండు. ప్రూఫ్ సంతకం పడకముందు యంత్రాన్ని ముట్టుకోకూడదు. నివేదికలో ప్రతి మాటా నిజమైనంత మాత్రాన నివేదిక నిజం కాదు.

నష్టాల వివరం: రెండో సంపుటం, నలభై ప్రతులు, ప్రతికి 76 చొప్పున 3,040 కాగితాలు. 'మూడు సంపుటాలు' అని ముందే అచ్చయినందున మొదటి సంపుటంలో మార్చవలసి వచ్చిన శీర్షిక కాగితాలు 40. పదకొండు రోజులు. ఒక పాఠశాల ఆర్డరు. ఒక ప్రూఫ్ రీడర్.