పడుకుని పోయే బండి

చిరాగ్‌పల్లి దగ్గర హైవే పక్కన ఒక టిఫిన్ బండి ఉంటుంది. పచ్చ రంగు, వెనక మడత మెట్టు, ఒక పక్కంతా వెడల్పాటి కిటికీ. లారీవాళ్లు ఆగి ఆ కిటికీ ముందు నిలబడి ఇడ్లీ తింటుంటారు. కిటికీ అంత కిందికి ఎందుకు ఉందో తినేవాళ్లకు తెలియదు. పడుకున్న మనిషికి కూడా రోడ్డు కనిపించాలని మేమే అట్లా పెట్టించాం. బస్సులో అటు పోవాల్సి వస్తే నేను అవతలి వైపు సీటు చూసుకుని కూర్చుంటాను.

మా ఆయన జహీరాబాద్‌లో ట్రాక్టర్ల ప్లాంటులో పనిచేసి రిటైరయ్యాడు. ఇన్‌స్పెక్షన్ పని. ఇంకొకరు చేసిన దానిలో తప్పు వెతికి పెట్టడానికి నెలనెలా జీతం ఇచ్చేవాళ్లు. ఈ ఊళ్లో ప్లాంటు మనుషులకు ఒక అలవాటుంది, ఏది కొన్నా ముందు వేలి కణుపుతో కొట్టి చప్పుడు వింటారు. ఫ్రిజ్జయినా అంతే, కూతురికి చూడబోయిన ఇంటి గేటైనా అంతే. మా ఆయన ఇంకో ఆకు ఎక్కువే చదివాడు. మాకు బీరువా కొనడానికి ఒక ఎండాకాలం, ఒక వానాకాలం పట్టాయి. అప్పటిదాకా నా పట్టుచీరలు ట్రంకు పెట్టెలో మగ్గాయి.

నేను టైలర్‌ని. జాకెట్టు తిరగేసి లోపలి కుట్టు చూస్తే తప్ప పనితనం తెలియదంటాను. సంసారంలో మాకు దేంట్లోనూ పొసగలేదు గానీ, పైమెరుపును నమ్మకూడదన్న ఒక్క మాట మీద మాత్రం ఇద్దరం నిలబడ్డాం.

ప్లాంటులో తయారైన ట్రాక్టర్లు పెద్ద బండ్ల మీదికెక్కి బొంబాయి రోడ్డు పట్టుకుని పోతుంటాయి. అవి పోవడం ఉద్యోగం చేసినన్నాళ్లూ చూశాడు. వాటి వెనక ఎప్పుడూ పోలేదు. ఆయనకు షిఫ్టులు, నాకు పెళ్లిళ్ల సీజన్లు. రిటైరయ్యాక బొంబాయి దాకా పోయి, అక్కణ్ణించి సముద్రం పక్క రోడ్డు పట్టుకుని కిందికి దిగుతూ పోవాలని ఆయన కోరిక. ఆ దారిలో ఊళ్ల పేర్లన్నీ వరసగా చెప్పేవాడు. తీరా రిటైరయ్యాక పాదాలు మొద్దుబారడం మొదలైంది. చెప్పు కాలి నుంచి జారిపోయినా తెలిసేది కాదు. కొన్నాళ్లకు చక్రాల కుర్చీ వచ్చింది.

నరాల జబ్బు అన్నారు హైదరాబాద్‌లో. అక్కడి డాక్టరమ్మ ఆయన ముందే చెప్పింది. ఇది పాదాల దగ్గర మొదలై పైకి పాకుతుంది, ఆపే మందు లేదు, నెమ్మది చేసే మందు మాత్రం ఉంది. "చేతులకు స్పర్శ ఉన్నన్నాళ్లు ఎక్కడికి తిప్పినా ఫరవాలేదమ్మా. చేతులకు కూడా వచ్చిందంటే బీపీ, ఊపిరి ఎప్పుడెట్లా ఉంటాయో చెప్పలేం. అప్పుడు ఊరు దాటించొద్దు" అంది. రోగి మొహం మీద అట్లా అంటారా అని నాకు ఒళ్లు మండింది. ఆయనకు మాత్రం ఆవిడ నచ్చింది.

"సాఫ్‌గ చెప్పింది. గట్లనే చెప్పాలె" అన్నాడు.

ఆ రోజు మా తమ్ముడి డీజిల్ జీపులో తిరిగొచ్చాం. ఇంజన్ అదురుకు ఆయన కాళ్లు నిప్పుల మీద పెట్టినట్టు మండాయి, ఆ మంట నాలుగు రోజులు దిగలేదు. కూర్చుని పోలేడు, దారిలో హోటళ్ల బాత్‌రూముల్లోకి కుర్చీ పట్టదు. లారీ డ్రైవరైన మా తమ్ముడే ఉపాయం చెప్పాడు. లోపల మంచం, బాత్‌రూము, చిన్న వంటిల్లు ఉండే బండ్లు వస్తున్నాయి, గ్యాస్ మీద నడిచేదైతే అదురు తక్కువ, హైవే మీద గ్యాస్ బంకులు కూడా ఉన్నాయి.

"పండుకొని పోయే బండి చూద్దాం బావా. నేను నడుపుత" అన్నాడు.

"పండుకొని పోయే బండి నాకు ఎట్లైన ఒకటొస్తది బామ్మర్దీ. దానికి చూసుడు గూడ అవసరం లేదు."

బావాబామ్మర్దులు పకపకా నవ్వారు. నేను వంటింట్లోకి పోయి గిన్నెలు ఎత్తేశాను.

మొదటి బండి హైదరాబాద్ పొలిమేరలో ఒక షోరూములో చూశాం. కొత్తది, తెల్లగా మెరుస్తోంది. సేల్స్‌మన్ లోపలి లైట్ల రంగులు మార్చి మార్చి చూపించాడు. మా ఆయన లైట్ల వైపు కన్నెత్తి చూడలేదు. తలుపు తీసి వెయ్యమన్నాడు, మళ్లీ తీసి వెయ్యమన్నాడు. "తలుపు దబ్బుమనాలె, గలగలమనొద్దు" అన్నాడు. గోడకు తగిలించిన అల్మారీ పట్టుకుని ఊపితే పల్చటి చెక్కలో చిన్న స్క్రూలు కదిలాయి. నేను సీటు గుడ్డ పైకెత్తి చూశాను. ప్లైవుడ్ అంచుకు పూత లేదు, అప్పుడే ఉబ్బడం మొదలైంది. కోత చెడితే టైలరు లైనింగు వేసి కప్పేస్తుంది. ఇదీ అదే బాపతు. చివరికి ఇంజన్ గ్యాస్ సిలిండర్ ఎక్కడని అడిగితే మంచం కింద చూపించారు. పొయ్యి సిలిండర్ మంచం పక్కన.

"కింద ఒక గ్యాసు, పక్కన ఒక గ్యాసు, నడుమ నేనా?" అన్నాడు మా ఆయన. సేల్స్‌మన్ ఇంకోసారి లైట్లు మార్చాడు.

రెండోది బీదర్‌లో, ఒకరు వాడి అమ్ముతున్నది. ఇంజన్ చప్పుడు విని మా ఆయన మొహం వెలిగింది. జేబులోంచి అయస్కాంతం తీసి రేకు మీద జరుపుతూ పోయాడు. గట్టి రేకైతే అంటుకుంటుంది, లోపల తుప్పు తినేసి పైన లప్పం పెట్టి రంగు పూస్తే అంటదు. వెనక చక్రం పైన అది చేతిలోంచి జారి పడింది. తమ్ముడు తీసిచ్చాడు. మళ్లీ జారింది, ఈసారి రేకు తప్పేమీ లేదు. "చేతికి చెమట" అన్నాడు. అది డిసెంబరు పొద్దున, బీదర్ చలిలో మేమంతా స్వెట్టర్లు వేసుకుని ఉన్నాం.

లోపల పైకప్పు గుడ్డ మీద నీటి చార కనిపించింది నాకు. కప్పు అతుకు కారి కారి, దాని మీద జిగురు వరస మీద వరస పూశారు. అమ్మే ఆయన సగం కన్నడం, సగం తెలుగులో వాన పడితేనే కారుతుందని సర్దిచెప్పబోయాడు. మా ఆయన వద్దన్నాడు.

తిరిగొస్తుంటే తమ్ముడు ఊరుకోలేదు. "బావా, బండిని చూస్తున్నవా, పిల్లను చూస్తున్నవా? గిన్ని వంకలు మా అక్కకు గూడ పెట్టలే గద!"

"అప్పుడు నాకు పని రాదు" అన్నాడు ఆయన. నాకు నవ్వొచ్చింది. నవ్వుతూనే ఆయన చేతుల వైపు చూశాను. తువ్వాల కింద దాచుకున్నాడు.

ఆ తర్వాత ఇంట్లో కొన్ని జరిగాయి. కూర వేడిగా ఉందంటూ చెంచాతో తినడం మొదలుపెట్టాడు. పెరుగన్నం కూడా చెంచాతోనే. చొక్కా గుండీలు పెట్టుకోవడానికి స్నానం కంటే ఎక్కువసేపు పడుతోంది. నేను నోరెత్తకుండా ఆయన చొక్కాల గుండీలన్నీ తీసేసి నొక్కుడు గుండీలు కుట్టాను. ఆయనా ఎందుకని అడగలేదు. ఒకే ఇంట్లో ఇద్దరం ఒకే భయాన్ని చెరో మూలా దాచుకున్నాం. చేతులు అలిసిపోయాయంతే, చలికి అంతే, అని రోజూ పొద్దున నాకు నేను చెప్పుకునేదాన్ని.

దొరికే బండ్లేవీ పనికిరాకపోయేసరికి సొంతంగా కట్టించాలనుకున్నాం. చిరాగ్‌పల్లి రోడ్డు మీద లారీలకు బాడీ కట్టే షెడ్డు ఉంది. గ్యాస్ మీద నడిచే చిన్న లారీ తీసుకుని, ముందు క్యాబిన్ ఉంచి, వెనక గది కట్టిస్తామన్నాడు షెడ్డు యజమాని. "ఫికర్ చెయ్యకుండ్రి సార్, మీరు ఎట్ల చెప్తే గట్ల" అన్నాడు. మా ఆయన కుర్చీలో కూర్చునే ఇనుప పైపులు ఏరించాడు. సిలిండర్లు మంచానికి దూరంగా బయట, చట్రం పక్కన పెట్టించాడు. కిటికీ ఎత్తు తేల్చడానికి ఇంట్లో మంచం మీద పడుకుని, నన్ను గోడ మీద సుద్దముక్కతో గీత గీయమన్నాడు.

ఆ కొన్ని వారాలు మా ఇంట్లో మళ్లీ మనుషులు ఉన్నట్టుండింది. ఆయన ఊళ్ల పేర్లు మళ్లీ మొదలుపెట్టాడు. నేను కర్టెన్లు కుట్టాను, గాలికి ఎగరకుండా కింద కూడా తీగ వేసి. ఆశ అంత పాడుది ఇంకోటి లేదు. వద్దనుకుంటూనే దానికి నేను రోజూ అన్నం పెట్టాను.

గది చట్రం తయారైందని, లోపలి చెక్క బిగించేముందు ఒకసారి చూసుకోమని కబురొచ్చింది. చెక్క వేశాక అతుకులు కనపడవు కాబట్టి ఆయనే చూడాలి. తమ్ముడు, నేను కుర్చీ దించి తీసుకెళ్లాం. చెరకు బండ్లు పోయి పోయి రోడ్డంతా పిప్పి. షెడ్డులో బండి నిలబడి ఉంది, ఒట్టి ఎముకలూ రేకూ. అయినా అది ఇల్లులాగే కనిపించింది నాకు. మంచం ఎక్కడొస్తుందో, పొయ్యి ఎక్కడొస్తుందో తెలుస్తోంది.

ఆయన మొహం కడిగినట్టు తేటపడింది. చట్రం చుట్టూ కుర్చీ తోయించుకుంటూ ప్రతి అతుకు మీదా వేలు పెట్టి జరిపాడు. కళ్లు మూసుకుని జరపడం ఆయన పద్ధతి. కంటికి మెరుపు కనిపిస్తుంది, వేలికి తప్పు కనిపిస్తుంది అనేవాడు. ఒక్కో అతుకు అయ్యాక "మంచిగుంది" అన్నాడు. ఒక్క వంకా పెట్టలేదు. షెడ్డు యజమాని పొంగిపోయాడు. తమ్ముడు నా వైపు చూశాడు. బీరువాకు రెండు కాలాలు తీసుకున్న మనిషి ఇన్ని అతుకుల్లో ఒక్కటీ తప్పు పట్టకపోవడమేమిటి?

తలుపు కింద, మెట్టు వెనక ఉన్న అతుకును కుర్చీలోంచి వంగి చూడలేడు. చెయ్యి కిందికి వేలాడేసి వేలితో తడిమి, అదీ మంచిగుందన్నాడు. నేను నేల మీద కూర్చుని చూశాను. అతుకు మధ్యలో అంగుళం మేర సందు. అందులోంచి అవతలి వెలుతురు కనిపిస్తోంది.

చెప్పాలా వద్దా అని ఒక్క క్షణం ఆగాను. ఆ సందులోంచి వాన నీళ్లు, దుమ్ము నేరుగా ఆయన మంచం కిందికే వస్తాయి. చెప్పాను.

"ఏడ?" అన్నాడు. మళ్లీ తడిమాడు. ఆయన వేలు ఆ సందు మీదుగానే పోయింది, రెండుసార్లు. "చిన్నదై ఉంటది. ఏలుకు అందలే."

"గిదెంత సార్, ఇప్పుడే చేసేస్త" అంటూ షెడ్డు యజమాని తనే వెల్డింగ్ రాడ్డు పట్టాడు. మమ్మల్ని అటు తిరగమన్నాడు. వెలుగు చిమ్మి ఆగింది. పైన పట్టిన నల్ల పొట్టును సుత్తితో రాల్చి, చేతులు తుడుచుకోవడానికి లేచాడు.

ప్లాంటులో వాళ్లకొక పద్ధతుంది. కొత్తగా వేసిన అతుకు మీద నేరుగా వేలు పెట్టరు. ముందు అరచేతి వెనక వైపు దానికి దగ్గరగా పెడతారు, సెగ కొడితే ఆగుతారు, సెగ లేకపోతే వేలు జరుపుతారు. ఆ పద్ధతిని ఆయన జీవితంలో ఎప్పుడూ తప్పలేదు. ఆ రోజూ తప్పలేదు. చెయ్యి కిందికి దించి, వెనక వైపు అతుకు దగ్గర ఒక క్షణం ఉంచాడు. సెగ లేదనుకున్నాడు. కళ్లు మూసుకుని, చూపుడు వేలును అతుకు ఈ చివర నుంచి ఆ చివరకు, తొందరేమీ లేకుండా జరిపాడు.

"ఆ, ఇప్పుడు సాఫ్‌గున్నది" అన్నాడు.

షెడ్డు యజమాని "సార్!" అని అరిచాడు. కాలిన వాసన నాకు అప్పుడు తగిలింది. ఆయన చెయ్యి గుంజేశాను. వేలి చర్మం తెల్లగా లేచిపోయి ఉంది. తమ్ముడు నీళ్ల కోసం పరిగెత్తాడు. నేను ఆ వేలిని నా కొంగులో పట్టుకుని కూర్చున్నాను. డాక్టరమ్మ మాట గుర్తు తెచ్చుకోవాల్సిన పని కూడా లేకపోయింది. మేం ఇంక ఏ ఊరికీ పోము.

ఆయన కళ్లు తెరిచి, నా మొహం, యజమాని మొహం మార్చి మార్చి చూశాడు.

"ఏమైంది?" అన్నాడు. "ఇంక సందున్నదా?"

"లేదు" అన్నాను.