ఒంటిదెబ్బ మొగుడు

ఆ ఇటుకబట్టీ మరమేస్త్రి తుమ్మితే పక్కవీధిలో తిరగలి ఆగిపోయేదని చెప్పుకునేవాళ్ళు. అది కొంచెం ఎక్కువే. ఆగిపోయేది కాదు, నెమ్మదించేదంతే. అతను చెవి ఆనిస్తే ఇనుము తన బాధ తానే చెప్పుకునేదన్న మాటలో మాత్రం ఒక్క అక్షరం కల్పన లేదు. ఆవిరి ఇంజను దగ్గిందంటే దానికి గొంతెక్కడ పట్టిందో చెప్పేవాడు. బెల్టు జారితే తలెత్తి చూడకుండానే తిట్టేవాడు, అది సిగ్గుపడి చక్రం మీదికి తిరిగొచ్చేది. ఇన్ని విద్యలున్నా అతన్ని పిలిచే పేరు మాత్రం అతనిది కాదు. అందరికీ అతను ఒంటిదెబ్బ మొగుడు.

కొత్తవాళ్ళు ఆ పేరు విని జాలిపడేవాళ్ళు, పెళ్ళాం ఒక్క దెబ్బకే పడగొడుతుంది కాబోలని. ఆమె పడగొట్టేది మొగుణ్ణి కాదు, మట్టిని. ఇటుకలు కోసే మనిషి. చేత్తో అచ్చులో మట్టి కొట్టి తిరగేసే పనిని అక్కడ ‘ఇటుక కోయడం’ అనేవాళ్ళు. కత్తీ లేదు, కోతా లేదు, మాట మాత్రం కోతే. ఎందుకంటే ఎవరికీ తెలియదు. మిగతా ఆడవాళ్ళు బల్ల మీద ముద్దను అచ్చులో పడేసి, రెండు గుద్దులు గుద్ది, బొటనవేలితో మూలలు నొక్కి, తంటాలు పడేవాళ్ళు. ఈవిడ ముద్దను తలమీదికెత్తి ఒక్కటే దెబ్బ. ధబ్! నాలుగు మూలలూ నిండిపోయేవి. ఆ చప్పుడు ఎంత వరసగా వచ్చేదంటే, వీధి చివర గడియారాలు బాగుచేసేవాడు దాన్ని వినే ముళ్ళు సరిచేసుకునేవాడట. వాడిని అడిగితే కాదంటాడు. పరువు కదా.

ఇటుకలు ఆరబెట్టే పాకకు ఆనుకునే వాళ్ళ గది. ఒక కిటికీ, ఒక మంచం, గోడకు అతని పనిముట్లు, మేకుకి ఆమె అచ్చులు. పిల్లల్లేరు. ఆ గదిలో మాటలన్నీ మట్టి గురించే. మొగుడూ పెళ్ళాలు చుట్టాల గురించి పోట్లాడుకుంటారు, ఉప్పు గురించి పోట్లాడుకుంటారు. వీళ్ళు జిగురు గురించి పోట్లాడుకునేవాళ్ళు.

“ఇవాళ మట్టి బిగిసింది. ఇంకాసేపు నాననివ్వాల్సింది,” అనేవాడతను.

“నీ బుర్ర నానబెట్టుకోవయ్యా ముందు. మట్టి కాదు బిగిసింది, ఇసుక తక్కువైంది.”

“ఇసుకెక్కువైతే ఎండలో పగుల్తుందే పిచ్చిదానా.”

“నేను కోసింది ఎప్పుడు పగిలిందో చెప్పు. నువ్వు బిగించిన నట్టులా వాగుతావేంటి, మధ్యమధ్యలో వదులై?”

ఇలా తిట్టుకుంటూ నవ్వుకుంటూ నిద్రపోయేవాళ్ళు. లోకంలో అంతకంటే మంచి కాపురం ఉంటుందని అతను అనుకోలేదు. అనుకోకపోవడంలో తప్పేమీ లేదు కూడా.

అన్నేళ్ళు మట్టి కొట్టిన చెయ్యి ఊరుకోదు కదా. ఆమె కుడిమణికట్టు వాచింది. ఉదయం లేచేసరికి వేళ్ళు ముడుచుకోవు, జుట్టు ముడేసుకోవడం రాదు. నూనెచేతులు కడుక్కుని మరమేస్త్రే ఆమె వెనకాల కూర్చుని జడ వేసేవాడు. ఇంజను బెల్టు అల్లినట్టు అల్లేవాడు, గాలివాన వచ్చినా ఊడేది కాదు. ఆమె నోరెత్తి నొప్పి అనదు. అనకపోవడమే అతనికి నొప్పి.

ఆ రోజుల్లోనే యజమాని ఎక్కణ్ణుంచో ఒక ఇటుకల మరను బండి మీద తెప్పించాడు. పైనుంచి మట్టి పోస్తే లోపల మెలితిప్పి, ఇటుకంత ఆకారమున్న మూతిలోంచి ముందుకు నెట్టేది. మట్టి పొడుగ్గా, పట్టీలా బయటికి జారేది. దాన్ని తీగలతో ముక్కలు చెయ్యాలి. చెప్పడానికి బాగానే ఉంది. మధ్యలో మట్టి హాయిగా జారేది, మూలల్లో మాత్రం ఇనుముకు అతుక్కుని చిరిగిపోయేది. బయటికొచ్చిన పట్టీ అంచుల నిండా రంపపు పళ్ళు. “దీంతో గోడ కడతారా, గోడను కోస్తారా?” అని ఆడవాళ్ళు విరగబడి నవ్వారు. యజమాని మూతి ముడుచుకుని దాని మీద గోనెపట్టా కప్పించాడు.

మరమేస్త్రి మాత్రం ఆ గోనెపట్టాను రోజూ ఎత్తి చూసేవాడు. మట్టి కొట్టే పని ఈ ఇనుము మీద పెడితే ఆమె చెయ్యి బతుకుతుంది కదా. ఆమె కుర్చీలో దొరసానిలా కూర్చుని, ఇసుక పొయ్యండి, నీళ్ళు తగ్గించండి అని అందరినీ అదిలిస్తూ ఉంటుంది. అతని కళ్ళకు ఆ కుర్చీ కూడా కనిపించేది, దానికి చేతులున్నాయో లేదో కూడా. నీకు ఆ కుర్చీ కావాలా అని ఆమెను అడగడం ఒక్కటే మరిచిపోయాడు.

అడిగింది వేరే. ఒక ఉదయం జడ వేస్తూ, “ఏమే, ఒక్క దెబ్బకే నీకు మూలలెలా నిండుతాయే?” అన్నాడు.

పనికి పిలవడానికొచ్చిన ఆమె చెల్లెలు గుమ్మంలోనే ఆగింది. తనూ ఇటుకలు కోసేదే. “చెప్పకక్కా! బావకి జడ వెయ్యడం వచ్చేసింది. ఇటుక కోయడం కూడా వస్తే మనమెందుకు?”

“వస్తే రానీవే, రెండిళ్ళకీ ఆయనే వండి పెడతాడు,” అని నవ్వింది ఆమె. నవ్వుతూనే చెప్పింది: “దెబ్బలో ఏమీ లేదయ్యా. ముద్ద కొట్టేముందు అచ్చు మూలల్లో వేలితో తడి రాస్తాను. నడిమికి మట్టి దానంతటదే పోతుంది. దాహమంతా మూలలకే. మూలలకి నీళ్ళు తాగించాలి.”

జడ సగంలో ఆగిపోయింది. చెల్లెలు మిగతా సగం వేసి అక్కను లాక్కుపోయింది.

మరమేస్త్రి మర మూతి విప్పదీశాడు. నాలుగు మూలల్లోనూ సన్నని బెజ్జాలు తొలిచి, లోపల గాడి తీసి, పైన ఒక నీళ్ళడబ్బా పెట్టాడు. బొట్టుబొట్టుగా నీళ్ళు మూలలకే వెళ్ళేటట్టు చేశాడు. యజమానిని పిలిచి బెల్టు వేశాడు. మట్టి కదిలింది. ఇనుపమూతిలోంచి నున్నగా, తళతళలాడుతూ, అంచుల్లో గాటన్నది లేకుండా పట్టీ బయటికి జారింది. అతను కేక పెట్టాడు. ఆ కేకకు పాక మీది పావురాలు లేచిపోయి మళ్ళీ ఆ ఊరికి రాలేదంటారు. బల్లల దగ్గర్నుంచి అందరికంటే ముందు ఆమే పరుగెత్తుకొచ్చింది. తీగ దిగింది. ఇటుక తెగింది.

“ఇప్పుడు కదయ్యా నిజంగా ఇటుక కోయడమంటే!” అంది. సంబరంగానే అంది. మొగుడి భుజం మీద చరిచి మరీ అంది. మట్టిచెయ్యి అచ్చు అతని చొక్కా మీద పడింది.

ఆ వారంలోనే యజమాని బల్లలన్నీ తీసేయించాడు. మర ఉండగా ఇవెందుకు, చోటు దండగ అన్నాడు. బల్లలు గొడ్డళ్ళతో చీల్చి బట్టీలో మంటకు వేశారు. ఆడవాళ్ళు ఎవరి అచ్చు వాళ్ళు చంకలో పెట్టుకుని నిలబడ్డారు, ఎటు పోవాలో తెలియక. చెల్లెలు బావ ముందుకొచ్చింది. ఎప్పుడూ వేళాకోళమాడే మనిషి. ఆ రోజూ నవ్వే మొహంతోనే మొదలుపెట్టింది.

“మర ఇటుకలు కోస్తుందనుకున్నాం బావా. గొంతులు కూడా కోస్తుందని చెప్పలేదే!”

అతను ఏదో అనబోయాడు.

“ఆయన్ననకే,” అంది అక్క. “చెప్పింది నేను.”

“నువ్వు మొగుడికి చెప్పావక్కా. ఈయన మరకి చెప్పాడు.”

చెల్లెలు వేరే బట్టీ వెతుక్కుంటూ పోయింది. మిగతావాళ్ళు తలో దిక్కూ పోయారు. పోతూ ఎవరూ ఆమెతో మాట్లాడలేదు.

ఆమెనొక్కదాన్నైనా పనిలో ఉంచమని మరమేస్త్రి యజమాని కాళ్ళావేళ్ళా పడ్డాడు. చివరికి ఒక ఉపాయం తోచింది. బావుల లోపల గుండ్రంగా కట్టడానికి ఒక కొస వెడల్పుగా, ఒక కొస ఇరుగ్గా ఉండే ఇటుకలు కావాలి. మరకు అవి రావు, చెయ్యే కావాలి. “నిజమే,” అన్నాడు యజమాని. అలా పాకలో ఒక మూల కొత్తగా ఒక్క బల్ల వేశారు, దాని వెనక ఆమె మిగిలింది. పని తక్కువ. మధ్యమధ్య చెయ్యికి తెరిపి దొరికి వాపు తీసింది. జుట్టు తనే ముడేసుకునేది. అతను పొద్దున్నే దువ్వెన పట్టుకుని నిలబడి, ఏం చెయ్యాలో తోచక తన తలే దువ్వుకునేవాడు.

అయినా ఆ గదిలో మట్టి మాటలు మళ్ళీ మొదలయ్యాయి. మెల్లగానే.

“నీ మరకి పోసే మట్టి మరీ పలచన చేస్తున్నారయ్యా. ఆరేసరికి కుంగిపోతుంది.”

“కుంగదే.”

“కుంగుతుంది. రేపు చూసి ఏడు.”

మర్నాడు నిజంగానే కుంగింది. ఆమె ‘చూశావా’ అన్నట్టు ఇంత కనుబొమ్మ ఎత్తింది. ఆ కనుబొమ్మ చూసి అతనికి ప్రాణం లేచొచ్చింది. ఆ ఒక్క బల్ల ఉన్నంతకాలం తన కాపురానికి ఢోకా లేదనుకున్నాడు. రోజంతా మర హోరులో కూడా అతని చెవి ఒక్క చప్పుడుకోసమే కాచుకుని ఉండేది. ధబ్. అది వినపడితే చాలు.

అలా ఎన్నాళ్ళైనా జరిగేదే. అతనికి ఒక రోగం ఉండకపోతే. ఇనుముకు ఏదైనా రాదంటే అతను తట్టుకోలేడు. తల్లిని తిట్టినా నవ్వి ఊరుకుంటాడు గాని, మరను తక్కువ చేస్తే ఒళ్ళు మండిపోతుంది.

ఒక మధ్యాహ్నం యజమాని మర పక్కన నిలబడి, ఊరికే, ఏమీ తోచక అన్నాడు. “ఎంతైనా మరే కదా మేస్త్రీ. తిన్నగా కోస్తుంది. వంకర రమ్మంటే దీని తరమా?”

“ఎవరయ్యా అంది, దీని తరం కాదని?”

ఆ మాట నోట్లోంచి వచ్చేసింది. నోటి వెనకాలే చేతులు వెళ్ళాయి. కోత చట్రంలో తీగలన్నీ తిన్నగా ఉన్నాయి. ఒక తీగను ఇటు వంచి బిగించాడు, దాని పక్కదాన్ని అటు వంచి బిగించాడు. ఎంతోసేపు పట్టలేదు. పెదవి కొరుక్కుంటూ, ఈల వేస్తూ, లోకం మరిచి బిగించాడు. చట్రం దించాడు. పట్టీ తెగి విడిపోయింది. ఒకదాని వెడల్పు కొస పక్కన ఇంకోదాని ఇరుకు కొస, ఒద్దికగా పడుకుని ఉన్నాయి. బావి ఇటుకలు. చిటికెడు మట్టి వృథా లేదు.

“చూశారా!” అని తలెత్తాడు.

యజమాని మొహం వెలిగిపోతోంది. అప్పుడు వినిపించింది అతనికి. వినిపించకపోవడం వినిపించింది. పాక మూల ధబ్ మనడం లేదు.

ఆమె ముద్ద రెండుచేతుల్లో పట్టుకుని బల్ల వెనక నిలబడి ఇటే చూస్తోంది. ఎప్పట్నుంచి చూస్తోందో. అతను గబగబా తీగలు వదులు చెయ్యబోయాడు. “రాదండీ, ఊరికే ఏదో...” అన్నాడు.

“ఆపు, ఆపు! ఏం చేస్తున్నావ్? బంగారంలా వస్తుంటే!” అని యజమాని అతని చెయ్యి పట్టుకున్నాడు.

ఆమె ముద్దను కుప్పలో మెల్లగా దించింది, పిల్లను పడుకోబెట్టినట్టు. చేతులు కడుక్కుంది. మర దగ్గరికొచ్చి ఒక బావి ఇటుకను వంగి చూసింది, పనితనం తెలిసిన మనిషి చూసినట్టే. బాగులేదని అనడానికి అందులో ఏమీ దొరకలేదు. ఇంటికి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం అతను గుమ్మంలో నిలబడ్డాడు, తిట్లకు సిద్ధమై. ఎన్ని తిట్లైనా తినడానికి ఆకలితో వచ్చాడు.

“వచ్చారా? కాళ్ళు కడుక్కోండి,” అందామె.

అతను వెనక్కి తిరిగి చూశాడు, తన వెనకాల ఇంకెవరైనా ఉన్నారేమోనని.

“ఏమే... కావాలని చేసింది కాదే. వాడు రాదన్నాడు, నేను...”

“బాగా వచ్చిందండీ. చూశాను కదా,” అని నీళ్ళచెంబు అందించింది. కోపం లేదు. ఉన్నా అతనికి దొరకనివ్వలేదు.

తర్వాత ఆ దంపతులు చాలా ఏళ్ళు బతికారు. ఆమె ఇల్లు అద్దంలా ఉంచేది, అతని జ్వరాలకు కాపలా కాసేది, వానొస్తే గొడుగు పట్టుకుని బట్టీ దాకా ఎదురొచ్చేది. గేటు లోపలికి మాత్రం వచ్చేది కాదు. ఇంత నోరున్న మనిషి ముసలితనంలో మొగుడికి ఎంత మర్యాద ఇస్తోందని వీధి వీధంతా మెచ్చుకుంది. మరమేస్త్రి ఆ మరకు ఇంకా ఎన్నో హంగులు చేశాడు. ఏది చేసినా ఇంటికొచ్చి చెప్పేవాడు. కొత్త గోతిలో మట్టి తీశారు, నల్లగా ఉంది, ఇసుక ఎంత కలపమంటావు అని అడిగేవాడు. కావాలని తప్పు చెప్పేవాడు కూడా. సగానికి సగం కలిపేస్తే సరిపోతుందిలే అనేవాడు, అలాగైనా ఆమె ఉండబట్టలేక అరుస్తుందేమోనని.

“నాకేం తెలుసండీ,” అనేదామె. “మీకు తెలియనిదా?”

ఒకసారి ఉండలేక అడిగేశాడు, మంచం పట్టె పట్టుకుని. “ఒక్కసారి తిట్టవే. బుర్ర నానబెట్టుకోమను. అను.”

ఆమె చీపురు ఆపి అతని వంక చూసింది.

“అయ్యో, మిమ్మల్నా?” అంది.